రోమియో జూలియెట్‌ను ఆడించేటప్పుడు: విధి కాదు, పగ కాదు, తొందర

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డిగ్రీ కళాశాల విద్యార్థులతో షేక్స్పియర్ ‘రోమియో జూలియెట్’ను తెలుగులో గంటన్నర నిడివిలో ప్రదర్శించబోతున్నారు. కథను వెరోనా నగరంలోనే ఉంచాలా, రాయలసీమ ఫ్యాక్షన్ పల్లెకు మార్చాలా అన్నది మీ మొదటి సందేహం. ప్రేమికుల చావుకు విధి కారణమని చూపాలా, పెద్దల పంతం కారణమని చూపాలా అన్నది రెండోది. రిహార్సల్స్‌లో చివరి రంగానికి తోటి విద్యార్థులే నవ్వుతున్నారు, ఏం చేయాలి అన్నది మూడోది.

సూటిగా చెబుతాను. కథను వెరోనాలోనే ఉంచండి. విధీ పగా రెండూ నాటకంలో ఉన్న మాట నిజమే గాని, రంగం మీద ఆ పిల్లలిద్దరినీ చంపేది తొందర. ఇక చివరి రంగంలో నవ్వు వస్తోందంటే తప్పు చివరి రంగంలో లేదు, మొదటి సగంలో ఉంది. మొదటి సగాన్ని పెళ్లితో ముగియబోయే హాస్య నాటకంలా ఆడించండి. నేను ఈ నాటకాన్ని మూడుసార్లు చేయించాను. ఇక్కడ రాసేదంతా మొదటి రెండుసార్లు చేసిన పొరపాట్లవల్ల, మూడోసారి కుదిరిన పనివల్ల తెలిసినదే.

తొందర సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే తక్కిన నిర్ణయాలన్నీ దాని వెంటే వస్తాయి. షేక్స్పియర్ ఈ కథను ఆర్థర్ బ్రూక్ 1562లో ప్రచురించిన ఒక దీర్ఘ కావ్యం నుంచి తీసుకున్నాడు. ఆ కావ్యంలో కథ నెలల తరబడి నడుస్తుంది, జూలియెట్‌కు పదహారేళ్లు. షేక్స్పియర్ ఆ నెలలను నాలుగు రోజులకు కుదించాడు, పిల్ల వయసును పద్నాలుగు నిండని వయసుకు తగ్గించాడు. ఆదివారం పొద్దున పగబట్టిన రెండు ఇళ్ల మనుషుల మధ్య వీధిలో కొట్లాట, ఆ రాత్రి విందులో చూపులు కలవడం. సోమవారం మధ్యాహ్నం రహస్య వివాహం, గంట తిరిగేసరికి రెండు హత్యలు (రోమియో స్నేహితుడు మెర్కూషియోను జూలియెట్ బంధువు టిబాల్ట్ చంపుతాడు, టిబాల్ట్‌ను రోమియో చంపుతాడు), రోమియోకు దేశబహిష్కారం. మంగళవారం తెల్లవారుతుండగా ఎడబాటు, ఆ రాత్రి జూలియెట్ చనిపోయినట్టు నిద్రపుచ్చే మందు తాగడం. గురువారం సూర్యోదయానికి అందరూ సమాధి ముందు నిలబడి ఉంటారు. ఈ రోజులను ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి రిహార్సల్ గదిలో గోడకు అంటించండి. ప్రతి నటుడూ తన రంగం మొదలుపెట్టే ముందు అది ఏ రోజు, ఏ పూట అన్నది పైకి చెప్పి మొదలుపెట్టాలి. మూడోసారి నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చినది ఇదే.

ఈ తొందర పిల్లలది మాత్రమే అనుకుంటే నాటకం సగమే అర్థమైనట్టు. ఒక చిన్న చోటు చూపిస్తాను. సోమవారం రాత్రి, మేనల్లుడు టిబాల్ట్ శవం ఇంట్లో ఉండగా, జూలియెట్ తండ్రి కాపులెట్ తన కూతుర్ని పారిస్ అనే పెద్దింటి యువకుడికి ఇచ్చి పెళ్లి చేయడానికి ఒప్పుకుంటాడు. ఈ రోజు ఏ వారమని అడుగుతాడు, సోమవారమని తెలుసుకుంటాడు, బుధవారం మరీ దగ్గరైపోతుంది కాబట్టి గురువారం పెట్టుకుందామంటాడు. మర్నాడు జూలియెట్ సన్యాసి లారెన్స్ చెప్పిన ఉపాయం ప్రకారం (మందు తాగి చనిపోయినట్టు పడుకుని, ఉత్తరం అందుకుని వచ్చే రోమియోతో సమాధి నుంచి వెళ్లిపోవడం ఆ ఉపాయం) తండ్రి కాళ్ల మీద పడి, మీరు చెప్పినట్టే వింటానంటుంది. ఆ మాటకు ఆయన పొంగిపోయి, పెళ్లి రేపు పొద్దున్నే అంటాడు. రేపు అంటే బుధవారం. నిన్న తానే మరీ దగ్గరన్న రోజు. గురువారం దాకా ఆగుదాం, టైము చాలదని భార్య అంటున్నా వినిపించుకోడు. లారెన్స్ లెక్కలో ఒక రోజు అక్కడ ఎగిరిపోయింది. రోమియోకు ఉత్తరం చేరడానికి మిగిలిన గడువు ఇంకా సన్నగిల్లింది. ఆ రోజును ముందుకు జరిపింది తండ్రి కోపం కాదు, తండ్రి సంతోషం! కాపులెట్ పాత్రధారి ఇక్కడ నిజంగా ఆనందంతో తబ్బిబ్బవ్వాలి, వంటవాళ్లను పిలవాలి, నవ్వాలి. మొదటిసారి నేను ఆయనను మీసం మెలేసే జమీందారులా ఆడించి ఈ రంగాన్ని పాడుచేశాను. ప్రేక్షకులు ఆయనను అసహ్యించుకున్నారు గాని, భయపడవలసినచోట భయపడలేదు.

కాబట్టి విధా పెద్దలా అన్న మీ రెండో ప్రశ్నకు ఏదో ఒక పక్షం ఎంచుకోవాల్సిన పని లేదు. ప్రస్తావనలోనే గ్రహాలు ప్రతికూలించిన ప్రేమికులని వినిపిస్తుంది, దాన్ని తీసేయకండి. కాని నటుడు విధిని ఆడలేడు. రేపటిదాకా ఆగలేకపోవడాన్ని ఆడగలడు. ‘మెల్లగా వెళ్లు, పరుగెత్తేవాళ్లే తట్టుకుని పడతారు’ అని రోమియోకు చెప్పిన లారెన్సే అదే రోజు మధ్యాహ్నానికల్లా పెళ్లి జరిపించేస్తాడు. ఆ పాత్ర వేసే విద్యార్థికి ఈ వైరుధ్యాన్ని ముందే ఎత్తిచూపండి. ఆయన మంచివాడు, రెండు ఇళ్లను కలపాలన్న ఆశతోనే చేశాడు. ఆ ఆశే ఆయనను తొందరపెట్టింది.

ఇప్పుడు వెరోనా సంగతి. రెండోసారి నేను కూడా కథను ఇక్కడికి తెచ్చాను. రెండు పల్లెలు, రెండు పెద్ద ఇళ్లు, మధ్యలో కాలువ నీళ్ల తగాదా. పగకు ఒక కారణం ఉంటే ప్రేక్షకులకు దగ్గరవుతుందని అనుకున్నాను. జరిగింది వేరు. మొదటి పది నిమిషాల్లోనే నీళ్లలో న్యాయమైన వాటా ఎవరిదో ప్రేక్షకులు తేల్చేసుకుని ఒక పక్షం పట్టారు. మెర్కూషియోకు బదులుగా పెట్టుకున్న పాత్ర పొడుపు తిని పడిపోగానే హాలు వెనక నుంచి ‘వాణ్ణి వదలొద్దురా’ అని ఒక కేక వినిపించింది. ఆ కేకతో నాటకం నా చేతిలోంచి జారిపోయింది, అక్కడి నుంచి అది ప్రతీకార కథ. షేక్స్పియర్ ఆ పాత పగకు కారణం ఎక్కడా చెప్పలేదు. రెండు ఇళ్లూ గౌరవంలో సమానమని మొదటి వాక్యంలోనే చెప్పాడు. కారణం లేకపోవడమే ఈ నాటకానికి ఆయువుపట్టు. ఫ్యాక్షన్‌కు కారణాలుంటాయి, చరిత్ర ఉంటుంది, గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఉంటారు. అది వేరే నాటకం, గొప్ప నాటకమే కావచ్చు, అది మరోసారి రాయించుకోండి.

ఇంకో చిక్కు ఉంది. ఈ కథ సమాధి గది లేకుండా నడవదు. చనిపోయినవారిని ఖననం చేయకుండా, దహనం చేయకుండా, వంశానికంతటికీ చెందిన రాతి గదిలో పడుకోబెట్టే ఆచారం ఉంటేనే జూలియెట్ అక్కడ నిద్రలేవగలదు, టిబాల్ట్ శవం పక్కన ఉండగలదు, రోమియో తలుపు పగలగొట్టుకుని లోపలికి రాగలడు. రెండోసారి దీనికి ప్రత్యామ్నాయంగా నేను ఆసుపత్రి శవాగారం పెట్టాను. డాక్టరు నాడి చూడలేదా అన్న ప్రశ్న ప్రేక్షకులకు రాకుండా ఉండదు, వచ్చింది కూడా. ఒక మతగురువు ముందు మూడో కంటికి తెలియకుండా జరిగిన పెళ్లి చెల్లడం, అది ఉండగా రెండో పెళ్లి చేసుకోవడం ఆ అమ్మాయికి పాపమవడం కూడా ఆ నేలకు, ఆ మతానికి చెందిన విషయాలే. వెరోనా అంటే వెల్వెట్ కోట్లు, ఈకల టోపీలు అని కాదు. సాదా దుస్తులు చాలు. పేర్లు, ఊరు, మతం, చట్టం మాత్రం అక్కడివే ఉండనివ్వండి, భాష మాత్రం మన నోటికి వచ్చే తెలుగు కావాలి.

భాష అనగానే మొదటి చూపుల రంగం గురించి చెప్పాలి. విందులో రోమియో జూలియెట్ల తొలి సంభాషణ మూలంలో పద్నాలుగు పాదాల సానెట్. అతను నాలుగు పాదాలు, ఆమె నాలుగు పాదాలు, తరువాత ఇద్దరూ పంచుకుని ముద్దు దగ్గర ముగిస్తారు. అప్పుడే పరిచయమైన ఇద్దరు ఒకే పద్యాన్ని కలిసి పూర్తిచేస్తున్నారంటే వాళ్లు ఒకరికొకరు సరిపోయారని చెవికి తెలుస్తుంది, కవి వేరే చెప్పనక్కర్లేదు. దీన్ని వచనంలో అనువదిస్తే ఆ అందం పోతుంది. నేను మూడోసారి దీన్ని సీసపద్యంగా రాయించాను. సీసంలో ప్రతి పాదమూ రెండు భాగాలుగా విరుగుతుంది కనుక మొదటి భాగం రోమియోకు, రెండో భాగం జూలియెట్‌కు ఇచ్చాం. కింది తేటగీతిని ఒక్కో పాదం మార్చి మార్చి చెప్పించాం, చివరి పాదం ఇద్దరూ కలిసి. పద్యం ముగిసేసరికి రెండు అరచేతులు ఒకదానికొకటి ఆనాయి, అంతకుమించి ఏమీ చేయించలేదు. యాత్రికుడు దేవతా విగ్రహాన్ని తాకడమన్నదే ఆ సంభాషణలోని ఉపమానం, కాబట్టి చేయి చేయి తగలడమే అక్కడ పెద్ద సంఘటన. ముద్దు ఎలా చూపాలన్న బెంగ మీకు ఉంటే అదీ దీంతో తీరుతుంది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. పద్యమనగానే మన కుర్రాళ్లకు రాగం తీయాలనిపిస్తుంది, హాల్లో పెద్దవాళ్లకు వన్స్ మోర్ అనాలనిపిస్తుంది. ఆలాపన వద్దు. మాటలాడుతున్నట్టే, ఊపిరి అందనంత వేగంగా చెప్పించండి.

మేడ రంగంలో రెండు సంగతులు. మూలంలో బాల్కనీ అన్న మాటే లేదు, ఆమె పైన ఎక్కడో కనిపిస్తుందంతే. ఖరీదైన సెట్టు అక్కర్లేదు. నేను రెండు బల్లలు ఒకదాని మీద ఒకటి కట్టించి, ఆమె వంగి చేయి చాపినా, అతను మునివేళ్ల మీద లేచినా వేళ్ల మధ్య జానెడు ఎడం మిగిలేలా కొలత పెట్టాను. రంగమంతా ఆ జానెడు ఎడం మీదే నడిచింది. రెండోది, జూలియెట్ ‘నువ్వు ఎక్కడున్నావు రోమియో’ అని వెతకడం లేదు. ‘నువ్వు రోమియోవే ఎందుకయ్యావు’ అని అడుగుతోంది. అతను కింద ఉన్నట్టు ఆమెకు తెలియదు. మీ అమ్మాయి నొసటికి చేయి అడ్డం పెట్టుకుని చీకట్లోకి చూస్తుంటే వెంటనే ఆపించండి. ఈ రంగంలో ఆమె తెలివిగలది కూడా. ఇది మరీ తొందరగా, మెరుపులా ఉందని మొదట భయపడేదీ ఆమే, పెళ్లి మాట ఎత్తేదీ ఆమే.

మెర్కూషియో చావే నాటకానికి మలుపు. అక్కడిదాకా దాది వాగుడు, స్నేహితుల ఎగతాళి, జూలియెట్‌ను చూడకముందు ప్రేమించిన రోజలిన్ కోసం రోమియో పెట్టే దొంగ ఏడుపు, అంతా నవ్వుల్లో సాగాలి. 1599లో అచ్చయిన ప్రతిలో ఒకచోట పీటర్ అనే సేవకుడి ప్రవేశానికి బదులు ఆనాటి ప్రసిద్ధ హాస్యనటుడు విల్ కెంప్ పేరే పడిపోయింది. విషాద నాటకమైనా తన బృందంలోని పెద్ద హాస్యగాడికి కవి పని ఇచ్చాడని దానివల్ల తెలుస్తుంది. ప్రస్తావనలో సూత్రధారుడు ఇద్దరూ చనిపోతారని చెప్పేశాడు కదా, ఇంకా నవ్వేమిటని మీ వాళ్లు అడగవచ్చు. చెప్పేశాడు కాబట్టే నవ్వించగలం. కథ తెలిసినవాడు కూడా ఈసారి తప్పించుకుంటారేమో అనుకునేలా ఉండాలి. పొడుపు తగిలాక కూడా మెర్కూషియో గీసుకుందంతే అంటాడు, స్నేహితులు అది మరో వేళాకోళం అనుకుంటారు. ఆ సమయంలో ప్రేక్షకులూ నవ్వుతూ ఉండాలి. మా ప్రదర్శనలో ఆ కుర్రాడు పక్కటెముకల మీద చేయి నొక్కిపెట్టి ఒక జోకు పూర్తిచేశాడు, హాలు నవ్వింది, చేయి తీశాడు. హాల్లో నవ్వు మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఒక్కొక్కటిగా ఆగిపోవడం వింగులో నిలబడి విన్నాను. అలా ఒకసారి ఆగిన నవ్వు చివరి రంగంలో మళ్లీ రాదు. మీ మూడో ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే.

కత్తిసాము విషయంలో రాజీ పడకండి. చెక్క కత్తులే వాడండి, నెల రోజులు ముందుగా మొదలుపెట్టి ప్రతిరోజూ నెమ్మదిగా, అంకెలు లెక్కపెట్టుకుంటూ సాధన చేయించండి. టిబాల్ట్ కత్తి, మధ్యలో అడ్డుపడ్డ రోమియో చంక కింద నుంచి వెళ్లాలి. మంచి చేయబోయి అతనే స్నేహితుడి చావుకు దారి ఇచ్చాడని కంటికి కనబడాలి.

విరామం రోమియోకు బహిష్కార శిక్ష పడిన వెంటనే ఇవ్వండి. తెర లేవగానే జూలియెట్ ఒంటరిగా, రాత్రి త్వరగా రావాలని సూర్యుడి గుర్రాలను తొందరపెడుతూ ఉంటుంది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. టీ తాగి వచ్చి కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అంత గట్టి ఆరంభం రెండో సగానికి ఇంకోటి దొరకదు.

గంటన్నరకు కుదించడం కష్టమే. రెండో అంకం ముందున్న ప్రస్తావన, వాద్యగాళ్ల ముచ్చట్లు, శ్లేషల్లో చాలా భాగం, కలలు తెచ్చే రాణి మాబ్ గురించి మెర్కూషియో చేసే ప్రసంగంలో సగం తీసేయవచ్చు. తీయకూడనివి కొన్ని ఉన్నాయి. ఒకటి, ఉత్తరం పట్టుకెళ్లాల్సిన సన్యాసి జాన్‌ను అంటురోగం ఉన్న ఇంట్లో ఉన్నాడన్న అనుమానంతో తలుపులు మూసి నిర్బంధించిన చిన్న రంగం. చాలామంది దీన్ని కత్తిరిస్తారు. ప్లేగు కారణంగా లండన్ నాటకశాలలు 1592 నుంచి 1594 వరకు చాలా కాలం మూతపడ్డాయి, ఈ నాటకం ఆ తరువాతి ఏళ్లలోది. ఆనాటి ప్రేక్షకుడికి ఆ మూసిన తలుపు ఊహ కాదు. 2020 చూసిన మనకూ కాదు. మా ప్రదర్శనలో ఆ మాట వినగానే హాలు కదలకుండా కూర్చుంది.

రెండోది, పారిస్‌ను చేసుకొమ్మని దాది చెప్పే చోటు. తల్లి కాదంది, తండ్రి వీధిలో పడి చావమన్నాడు, ఇక పాలిచ్చి పెంచిన దాదిని ఆ పిల్ల ఓదార్పు అడుగుతుంది. దాది కాస్త ఆలోచించి, రోమియో ఎలాగూ తిరిగి రాలేడు, పారిస్ అతనికన్నా అందగాడు, చేసేసుకో తల్లీ అంటుంది. ‘మనసులోంచే చెబుతున్నావా’ అని జూలియెట్ అడుగుతుంది. అవునంటుంది దాది. దానికి ఆ పిల్ల ‘ఆమెన్’ అని ఒక్క ముక్క అంటుంది. దాది చెడ్డది కాదు, ఆమెకు తెలిసిన లోకంలో అదే మంచి సలహా. తన సొంత బిడ్డ సుసాన్ చనిపోయిందని, జూలియెట్‌దీ ఆ బిడ్డదీ ఒకే ఈడని ఆమె మొదట్లోనే చెబుతుంది. ఆ మాటను కూడా కత్తిరించకండి. ‘ఆమెన్’ తరువాత పూర్తిగా మూడు సెకన్లు మౌనం ఉంచండి. నాటకమంతా పరుగెత్తించమని చెప్పిన నేను ఆగమని చెప్పేది ఇక్కడే. పద్నాలుగు నిండని పిల్ల ఆ మూడు సెకన్లలో ఒంటరిదైపోతుంది. జూలియెట్ వయసు వేషంలో, గొంతు సన్నం చేయడంలో చూపించాల్సిన పని లేదు, ఇక్కడ దానంతటదే తెలుస్తుంది.

మూడోది, లారెన్స్ గదిలో రోమియో కత్తి దూసుకుని తనను తాను పొడుచుకోబోయే రంగం. సన్యాసి కత్తి ఆపి, కోప్పడి, అతనికి మిగిలి ఉన్నవాటిని ఒక్కొక్కటిగా లెక్కపెడతాడు: జూలియెట్ బతికి ఉంది, చంపబోయిన టిబాల్ట్ చేతిలో నువ్వు చావలేదు, మరణశిక్ష బహిష్కారంగా తగ్గింది. ప్రదర్శకులు నిడివి కోసం దీన్ని తీసేస్తే నాటకం ప్రేమ కోసం చావడాన్ని మెచ్చుకుంటున్నట్టు మారిపోతుంది. మీ నటులూ ప్రేక్షకులూ పద్దెనిమిది, ఇరవై ఏళ్లవాళ్లు కనుక ఈ విషయంలో బాధ్యత మీదే. చదివించే మొదటి రోజునే దీని గురించి నటులతో మాట్లాడండి. ప్రదర్శనకు ముందు ఆత్మహత్య దృశ్యాలున్నాయని చెప్పండి, ఆహ్వానపత్రం మీద టెలి మానస్ సహాయ సంఖ్య 14416 అచ్చువేయించండి.

ఇక సమాధి రంగం. జూలియెట్ పెదవుల మీద, బుగ్గల మీద ఎర్రదనం ఇంకా పోలేదని, మృత్యువు ఇంకా జెండా పాతలేదని రోమియో స్వయంగా అంటాడు. నిజాన్ని కళ్లారా చూసి, పైకి చెప్పి కూడా దాన్ని అర్థం చేసుకోలేడు. ఈ పంక్తులను ఏడుస్తూ చెబితే వ్యర్థమవుతాయి. ఆశ్చర్యంతో, వంగి దగ్గరగా చూస్తూ చెప్పాలి. ఇంకొక్క నిమిషం ఆగితే చాలునని హాలంతా కుర్చీ అంచుకు రావాలి.

ఇద్దరికీ ఆఖరి మాటలు కల్పిద్దామన్న ఆలోచన మీ బృందంలో ఎవరికైనా వచ్చే ఉంటుంది. అది కొత్తది కాదు. నటుడు డేవిడ్ గారిక్ 1748లో రోమియో ప్రాణం పోకముందే జూలియెట్ లేచి మాట్లాడేలా మార్చాడు, ఇంచుమించు నూరేళ్లు ఇంగ్లండులో ఆ మార్పే ఆడింది. 1845లో షార్లెట్ కుష్మన్ అనే నటి తానే రోమియో వేసి, చెల్లెలు సుసాన్‌ను జూలియెట్‌గా పెట్టి, షేక్స్పియర్ రాసిన ముగింపును తిరిగి తెచ్చింది. నేను కూడా ఆమె పక్షమే. వాళ్లు కలిసి ఏడిస్తే మనకు ఊరట దొరుకుతుంది, ఆ ఊరట కవి ఇవ్వలేదు. జూలియెట్ చావు చాలా పొట్టిది, కాపలావాళ్ల అడుగుల చప్పుడు వినిపిస్తుండగా గబగబా జరిగిపోతుంది. అక్కడ నేపథ్య సంగీతం పెట్టకండి, అడుగుల చప్పుడు చాలు.

రెండు శవాల మీద తెర దించేయకండి. లారెన్స్ చెప్పే సుదీర్ఘ వివరణను ఆరేడు వాక్యాలకు తగ్గించండి గాని, పెద్దల రంగం ఉంచండి. రోమియో తండ్రి మాంటేగ్ భార్య, కొడుకు బహిష్కారానికి కుమిలి అదే రాత్రి చనిపోయిందన్న కబురు, బంధువులు ఇద్దరిని పోగొట్టుకున్నానన్న వెరోనా పాలకుడి మాట, అన్నీ ఉండాలి. కాపులెట్ చేయి చాపి కూతురి కట్నంగా ఈ స్నేహం చాలునంటే, మాంటేగ్ అంతకన్నా ఎక్కువిస్తాను, బంగారు విగ్రహం చేయిస్తానంటాడు. ఆ తండ్రులిద్దరినీ శవాలకు చెరోవైపు నిలబెట్టండి. మా ప్రదర్శనలో వాళ్లు కరచాలనం కోసం వంగినప్పుడు చేతులు పిల్లలిద్దరి మీదుగా చాపాల్సి వచ్చింది, మేడ దగ్గర పెట్టిన జానెడు ఎడమే అక్కడా పెట్టాను, వేళ్లు కలిసేలోపే దీపాలు ఆర్పించాను.